ఆ పాత బ్రోమైడ్ పేపర్ పెట్టెల సంగతి

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలో, డార్క్‌రూమ్‌లో ఫోటోలు ప్రింట్ వేసే ఆ బ్రోమైడ్ పేపర్ పెట్టెలు ఏడు లెక్కపెట్టాను. రెండింటికి సీలు అలాగే ఉంది, మిగతావి ఎవరో సగం వాడి వదిలేసినవి, ఒకదాని మూలకి తడి తగిలిన మరక కూడా కనిపిస్తోంది. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో కానీ ఈ ఒక్క మాట ఇప్పుడే విను: ఏ పెట్టెనీ వెలుతురులో తెరవొద్దు. లోపల నల్ల కవరు ఉంటుందిలే అనుకోవద్దు. ఇంతకుముందు వాడినవాళ్లు దాన్ని సరిగ్గా మడిచి పెట్టారో లేదో మనకి తెలియదు.

ఎక్స్‌పైరీ అయిపోయి ఇన్నేళ్లయింది, పనికొస్తాయా అని అడిగావు. తేదీ చూసి చెప్పలేం. జిలటిన్ పొరలో ఉన్న వెండి లవణాల్లో కొన్ని, ఏళ్ల తరబడి వేడిలో ఉంటే, వెలుతురు తగలకపోయినా తగిలినట్టే తయారవుతాయి, బొమ్మని పైకి తెచ్చే డెవలపర్ మందులో వేయగానే అవీ నల్లబడతాయి. తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు వస్తుంది. దాన్నే ఫాగ్ అంటాం. చల్లగా, పొడిగా ఉన్నచోట ముప్ఫై ఏళ్లున్న పేపర్ శుభ్రంగా పలకడం నేను చూశాను, అటక మీద నాలుగు వేసవులు గడిపిన పేపర్ ఎందుకూ కొరగాకుండా పోవడమూ చూశాను. కాబట్టి పెట్టె మీద తేదీ కన్నా, ఇన్నాళ్లూ అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ఇచ్చినవాళ్లని అడిగి తెలుసుకో.

రకం కూడా చూడాలి. కొడాక్ 2005లోనే బ్లాక్ అండ్ వైట్ పేపర్ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, హంగరీలో ఫోర్టే 2007లో మూతపడింది. వాటి పెట్టెలు ఏవి దొరికినా అంత పాతవేనని అనుకోవచ్చు. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ పేపర్ సాధారణంగా బాగా తట్టుకుంటుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్.సి. పేపర్లలో కొన్నింటికి త్వరగా డెవలప్ కావాలని డెవలపర్‌ని పొరలోనే కలిపేవారు, అలాంటివి తొందరగా పాడవుతాయి. గ్రేడ్ అంటే పేపర్ ఇచ్చే కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) అంకె, ఒకే గ్రేడ్ పేపర్ కన్నా, ఫిల్టర్లతో గ్రేడ్ మార్చుకోగల మల్టీగ్రేడ్‌లో అది ముందు పడిపోతుంది. పెట్టె మీద ఎజో అని ఉంటే మాత్రం దాన్ని విడిగా, జాగ్రత్తగా దాచు. అది నెగటివ్‌ని పేపర్ మీదే ఆనించి తీసే కాంటాక్ట్ ప్రింట్ల కోసం చేసిన క్లోరైడ్ పేపర్. చాలా నెమ్మదైనది, నెగటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వెలుతురు దానికి చాలదు, కానీ ఏళ్లు గడిచినా చెక్కుచెదరకుండా ఉండే గుణం అలాంటి పేపర్లకి ఉంది.

పానాల్యూర్ అని ఉంటే దాని జోలికి ఎర్ర లైటులో వెళ్లొద్దు. కలర్ నెగటివ్ నుంచి బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయడానికి చేసిన పేపర్ అది, ఎరుపు కూడా దానికి కనిపిస్తుంది. పెట్టె మీద పేరు చదవకుండా నేను ఒక పెట్టె ఎర్ర లైటు కింద తెరిచి, పైనున్న కాగితాలన్నీ పాడుచేసుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఆ పేపర్ మళ్లీ దొరకదు.

ఇక పరీక్ష. దీన్ని దాటవేసి నేరుగా ప్రింట్‌లోకి దిగితే పేపర్ తప్పో, నీ డెవలపర్ తప్పో, లైటు తప్పో తేలక రాత్రంతా గడిచిపోతుంది. మొదటిసారి సేఫ్‌లైట్ (డార్క్‌రూమ్ ఎర్ర లైటు) కూడా ఆర్పేసి పూర్తి చీకట్లో చెయ్యి. కత్తెర, ట్రేలు ఎక్కడున్నాయో ముందే చేత్తో తడిమి గుర్తుపెట్టుకో. కట్ట మధ్యలోంచి ఒక కాగితం తీసి రెండు ముక్కలు కత్తిరించు, కట్ట పైనున్నదీ అడుగునున్నదీ అన్నిటికన్నా ముందు చెడిపోతాయి కనుక వాటితో తీర్పు చెప్పకూడదు. మొదటి ముక్క నేరుగా ఫిక్సర్‌లో, అంటే మిగిలిన వెండి లవణాలని కరిగించి తీసేసే మందులో, వెయ్యి. రెండోది డెవలపర్‌లో, 20 డిగ్రీల దగ్గర, ఫైబర్ అయితే 2 నిమిషాలు, ఆర్.సి. అయితే 1 నిమిషం ఉంచి, డెవలపర్ పని ఆపే స్టాప్ బాత్ దాటించి అప్పుడు ఫిక్సర్‌లో వెయ్యి. రెండూ ఫిక్స్ అయ్యాక లైటు వేసి, కడిగి, తడి తడిగానే పక్కపక్కన గాజు మీద పెట్టి చూడు. డెవలపర్ చూడని ముక్క ఆ పేపర్ అసలు తెలుపు. పక్కది దానికన్నా ఎంత మాసినట్టుందో అదే నీ ఫాగ్. విడివిడిగా చూస్తే రెండూ తెల్లగానే కనిపిస్తాయి, కన్ను మోసపోతుంది, అందుకే అంచులు ఒకదానికొకటి ఆనించి చూడమంటున్నాను. ఒక్కోసారి మధ్యలో తెల్లగా ఉండి చుట్టూ వేలెడు వెడల్పున బూడిద రంగు అంచు కడుతుంది. అది గాలి, ఆవిర్లు పక్కల నుంచి చొరబడిన గుర్తు. ఆ పేపర్ పాడయినట్టు కాదు, అంచులు కోసేసి చిన్న సైజు ప్రింట్లకి హాయిగా వాడుకో.

మూడో ముక్కకి మామూలు లైటు కొన్ని సెకన్లు చూపించి డెవలప్ చెయ్యి. నిండు నలుపు వస్తోందా? తెలుపు కొంచెం మాసినా సర్దుకోవచ్చు కానీ నలుపే మట్టిరంగులో ఆగిపోతే ఆ పేపర్‌తో మామూలు ప్రింట్ రాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

సేఫ్‌లైట్‌ని కూడా విడిగా పరీక్షించు. పేపర్‌కి ముందు ఎన్‌లార్జర్ కింద లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు ఇవ్వాలి, ఆ తర్వాత దాని మీద ఒక నాణెం పెట్టి 5 నిమిషాలు సేఫ్‌లైట్ కింద వదిలెయ్, డెవలప్ చేస్తే నాణెం ఆకారం కనిపించకూడదు. ముందు ఆ కొంచెం వెలుతురు ఇవ్వకుండా చాలామంది ఈ పరీక్ష చేస్తారు, అప్పుడు లైటు తప్పుంటే కూడా బయటపడదు.

ఫాగ్ తక్కువగా ఉంటే ముందు డబ్బు ఖర్చులేని పని చెయ్యి. ఎక్స్‌పోజర్ (వెలుతురు చూపే సమయం) పెంచి, డెవలప్ చేసే సమయం కాస్త తగ్గించు, ఎందుకంటే డెవలపర్‌లో ఉంచిన కొద్దీ ఫాగ్ పైకి వస్తూనే ఉంటుంది. దానితో సరిపోకపోతే డెవలపర్‌లో ఫాగ్‌ని అణిచే బెంజోట్రయజోల్ వెయ్యాలి. 1 గ్రాముని 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించు, తొందరగా కరగదు, ఓపిక పట్టు. వాడే డెవలపర్ లీటరుకి ఇందులోంచి 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, తెలుపు తేరుకునేవరకు పదేసి చొప్పున పెంచు, 50 దాటాక కూడా తేటపడకపోతే ఆ పేపర్‌ని వదిలెయ్. ఇది వేసిన ప్రతిసారీ పేపర్ ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఎంతో తేల్చే టెస్ట్ స్ట్రిప్ మళ్లీ మొదటి నుంచి తీయాల్సిందే. నిన్న 12 సెకన్లకి వచ్చింది కదా అని ఇవాళ కూడా అదే ఇస్తే వెలవెలబోయిన ప్రింట్ వస్తుంది. పొటాషియం బ్రోమైడ్‌తో కూడా ఇదే పని అవుతుంది, కాకపోతే అది రంగుని కొంచెం గోధుమ వైపు లాగుతుంది, బెంజోట్రయజోల్ చల్లని నలుపు వైపు లాగుతుంది. ముఖాల ఫోటోలకి నాకు పొటాషియం బ్రోమైడే ఇష్టం.

ఇంకో దారి, ప్రింట్‌ని కావాలనే కొంచెం ముదురుగా తీసి, ఫిక్స్ చేసి కడిగాక, పొటాషియం ఫెర్రిసయనైడ్ బాగా పలచగా, లేత నిమ్మపండు రంగులో కలిపి అందులో కొన్ని సెకన్లు ముంచి, వెంటనే నీళ్లలో కడిగి మళ్లీ ఫిక్సర్‌లో వేయడం. హోవర్డ్ ఫార్మర్ 1883లో దీన్ని ఫిక్సర్‌లో ఉండే హైపోతో కలిపి వాడే పద్ధతి చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మాసిన తెలుపులు కళ్లముందే విచ్చుకుంటాయి, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, ఆ సంబరంలో ఇంకో రెండు సెకన్లు ఉంచావంటే ముఖం మీద వివరాలన్నీ కరిగిపోతాయి. కాబట్టి చాలు అనిపించక ముందే తీసెయ్. ఘాటైన యాసిడ్లని దీని దగ్గరికి రానివ్వొద్దు, విషవాయువు వస్తుంది.

కాంట్రాస్ట్ తగ్గిన పేపర్‌కి కాంట్రాస్ట్ ఉన్న నెగటివ్ ఎంచుకో. పెట్టె మీద 4వ గ్రేడ్ అని ఉన్నా అది ఇప్పుడు 2లాగా పలకొచ్చు, అది తప్పేం కాదు, దాన్ని 2 అనుకుని వాడు. నీకు బాగా ముఖ్యమైన నెగటివ్‌ని మాత్రం ఈ పేపర్‌తో మొదటిసారి ప్రయత్నించకు.

నలుపు కూడా రాని పేపర్ ఉంటే చాలా ఎక్కువ కాంట్రాస్ట్ ఇచ్చే లిత్ డెవలపర్‌లో ప్రయత్నించు. మామూలు కన్నా నాలుగు నుంచి ఎనిమిది రెట్లు ఎక్స్‌పోజర్ ఇచ్చి, బాగా పలచన చేసిన డెవలపర్‌లో వేస్తే చాలాసేపు ఏమీ జరగనట్టుంటుంది, తర్వాత నీడలు ఒక్కసారిగా నల్లబడటం మొదలవుతాయి, నీకు నచ్చిన క్షణంలో లాగేసి స్టాప్ బాత్‌లో వెయ్యాలి. అన్ని పేపర్లూ దీనికి లొంగవు, కొన్నింటిలో మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు వస్తాయి. పూర్తిగా ఫాగ్ అయిపోయిన కాగితాలని కూడా పారేయకు. ఆకో, పువ్వో పెట్టి పైన గాజు వేసి ఎండలో గంటో రెండు గంటలో వదిలేస్తే డెవలపర్ లేకుండానే ఊదా, గులాబి, గోధుమ రంగుల్లో దాని అచ్చు పడుతుంది. ఫిక్సర్‌లో వేస్తే రంగులు వెలిసి మారిపోతాయి కాబట్టి ముందే స్కాన్ చేసి పెట్టుకో.

కడగడం గురించి నీకు కొత్తగా చెప్పేది లేదు, ఆర్.సి. కొన్ని నిమిషాలు, ఫైబర్ గంట.

దాచడం సంగతి. ఫ్రిజ్ మంచిదే, ఎక్కువ ఏళ్లు ఉంచాలంటే ఫ్రీజర్ ఇంకా మంచిది, కానీ పెట్టెని గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో రెండు పొరలుగా చుట్టి పెట్టు. బయటికి తీశాక ఆ రాత్రంతా అలాగే వదిలెయ్, తెల్లారాకే సంచి విప్పు. తొందరపడి నేను ఒకసారి ఫ్రిజ్‌లోంచి తీసిన గంటలోపే విప్పితే, చల్లని గ్లాసుకి పట్టినట్టు కాగితాలకి చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి, విడదీస్తే పొర ఊడి వచ్చింది. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, గోడకి ఆనకుండా, నేలకి కొంచెం ఎత్తులో, పెట్టెలు పడుకోబెట్టి ఉంచు. కొత్త ప్లైవుడ్ బీరువాలో వద్దు, కలరా ఉండలు వేసిన పెట్టెలో అసలే వద్దు, పెయింటు, ప్రింట్ల రంగు మార్చే టోనర్లు ఉన్నచోట కూడా వద్దు. ఆ వాసనలే పేపర్‌ని తినేస్తాయి.

ప్రతి పెట్టె మీద పెన్సిల్‌తో రాసి పెట్టు: పరీక్ష చేసిన తేదీ, ఫాగ్ ఎంత, బెంజోట్రయజోల్ ఎంత పట్టింది, ఏ గ్రేడ్‌లాగా పలికింది, ఎన్ని కాగితాలు మిగిలాయి. పరీక్ష అయ్యాక ఏళ్ల తరబడి దాచుకోకు, ఈ పేపర్ రేపటికి ఇంకొంచెం పాడవుతుందే తప్ప బాగుపడదు. తడి మరక ఉన్న ఆ పెట్టెతో మొదలుపెట్టు, అన్నిటికన్నా ముందు పోయేది అదే. చీకట్లో పైనున్న నాలుగైదు కాగితాల మూలలు వేలితో మెల్లగా ఎత్తి చూడు. విడివిడిగా లేస్తే మధ్యలోంచి ఒకటి తీసి రెండు ముక్కలూ చెయ్యి, ఆరాక పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపు.

మావయ్య