‘రెండు’ అంటే ఏ రెండు?

బుజ్జీ,

నువ్వు బేస్ గిటార్ కొన్నావని, కాలేజీ బ్యాండ్‌లో చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అంతా నీ పోలికే అన్నయ్యా" అని నన్నే తిట్టింది. సరే సరే అని ఫోన్ పెట్టేసి, అటక మీంచి నా పాత బేస్ దించి దుమ్ము దులిపాను. తీగలన్నీ తుప్పు పట్టాయి.

ట్యూనింగ్, వేళ్లకు కాయలు, మెట్రోనోమ్ గురించి యూట్యూబ్‌లో చూసుకో. లావు తీగ నుంచి ‘ఇ’, ‘ఎ’, ‘డి’, ‘జి’. అంతే.

చార్ట్ (పాటలో వచ్చే కార్డ్‌ల, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల, పేర్లు అక్షరాల్లో రాసిన కాగితం) చూసి పాటలు నేర్చుకుంటున్నావట. మంచిదే. కానీ అక్షరాల పక్కన అంకెలు కూడా రాసుకో. పాట ‘డి’లో ఉంటే ‘డి’ 1, ‘జి’ 4, ‘ఎ’ 5, ‘బి’ మైనర్ 6. ‘ఎ’ తీగ మీద ఐదో ఫ్రెట్‌లో, అంటే మెడ మీది ఐదో గడిలో, 1 పట్టుకో. అదే ఫ్రెట్‌లో కింది తీగ 4, పైనున్న లావు తీగ 5. లావు తీగ మీదే ఇంకో రెండు ఫ్రెట్లు ముందుకెళితే 6. పాట శ్రుతి మారితే చెయ్యి మొత్తం జరుపు, లెక్క మారదు. చార్ట్ మీద ‘కాపో 2’ (గిటార్ రెండో ఫ్రెట్ మీద క్లిప్ బిగించి శ్రుతి పెంచడం) అని ఉంటే మాత్రం జాగ్రత్త. అందులో ‘జి’ అని రాసింది నీకు ‘ఎ’.

ఈ అంకెలు నాకు నేర్పింది కాజీపేట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిచ్చేవాడు. అమెరికాలో నాష్‌విల్ రికార్డింగుల్లో ఇలాగే రాసుకుంటారని ఆయనే చెప్పాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నెల తిరక్కుండా అంతా వచ్చేసిందనుకున్నాను.

ఆ ఏడు వినాయక చవితి పందిట్లో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. రిహార్సల్ అంతా ‘ఇ’లో చేశాం. తీరా ఆ రోజు పాడే అబ్బాయికి జలుబు చేసి గొంతు పట్టేసింది. స్టేజీ ఎక్కుతూ మా వైపు తిరిగి "రెండు" అని వేళ్లు చూపించాడు. మనవాళ్లు శ్రుతిని హార్మోనియం మెట్లతో చెప్తారు కదా. ‘సి’ ఒకటి, ‘డి’ రెండు, ‘ఇ’ మూడు, నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర. మూడు శ్రుతి పాటని రెండుకి దించాడన్నమాట. నా బుర్రలోనేమో కాజీపేట అంకెలు. పాటని రెండో కార్డ్‌తో ఎత్తుకోమంటున్నాడనుకుని, ‘ఇ’ లెక్కలో 2 అయిన ‘ఎఫ్ షార్ప్’ కొట్టాను.

చిత్రమేమిటంటే, మొదటి బార్ (తాళం ఒక చుట్టు) బాగానే వినిపించింది. ‘డి’ మేజర్‌లో ‘ఎఫ్ షార్ప్’ ఉంది మరి. తల కూడా ఊపాను. తర్వాత వాళ్లు ‘డి’ లెక్కన ‘జి’కి వెళ్లారు, నేను ‘ఇ’ లెక్కన ‘ఎ’కి. వాళ్లు ‘ఎ’కి, నేను ‘బి’కి. తప్పు పాడేవాడిదనుకుని ఇంకాస్త గట్టిగా వాయించాను! కీబోర్డ్ ఆయన ఒక్క మాట అనలేదు. ఎడంచెయ్యి పక్కకు జరిపి బేస్ తనే వాయించుకున్నాడు. మిక్సర్ దగ్గరున్నవాడు నా వాల్యూమ్ మొత్తం దించేశాడు. రెండు చరణాలూ శబ్దం రాని బేస్ మీద వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాను. ముందు వరసలో రెండు జడలేసుకుని కూర్చున్న మీ అమ్మ, పాట అవగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. అసలు సంగతి దానికి ఇప్పటికీ తెలియదు. చెప్పకు.

అందుకే ఎవరైనా అంకె చెబితే "శ్రుతా, కార్డా?" అని అడుగు. అందరి ముందూ అడుగు, ఏం ఫర్వాలేదు.

చార్ట్‌లో 1/3 అని కనిపిస్తే గీత ముందున్నది కార్డ్, గీత తర్వాత ఉన్న స్వరమే బేస్‌లో నీది. ‘డి’లో అయితే ‘ఎఫ్ షార్ప్’. ఆ రాత్రి నా మొదటి బార్ అదే తల్లీ! కావాలని వాయిస్తే ఎంత బాగుంటుందో.

ఇంకో మాట, ఇది బతిమాలి చెప్తున్నాను. మీ స్టేజీకి ఎర్తింగ్ ఉందో లేదో ముందే కనుక్కో. తీగల మీద చెయ్యి ఉంచి మైక్‌కి పెదవి ఆనించకు. నాకోసారి తగిలిన షాక్‌కి రెండు రోజులు అన్నం సహించలేదు. వాన మొదలైతే పాట మధ్యలో అయినా సరే, దిగిపో. చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడే రకానివి నువ్వు, నాకు తెలుసు.

దసరాకి వచ్చేటప్పుడు నీ బేస్ తెచ్చుకో. నా దానికి కొత్త తీగలు తెప్పించాను. ఆ సిగరెట్ అట్ట కూడా ఒకటి దొరికింది, దాచి ఉంచాను.

మీ మామయ్య