78 శాతం చూపిస్తూనే చచ్చిపోయిన సెన్సర్

ప్రశ్న: మాది సోంపేట. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. సంక్రాంతికి వెళ్లినప్పుడు వీధి తలుపుకీ పెరటి తలుపుకీ డోర్ సెన్సర్లు, మోటారు దగ్గర నీళ్ల లీకేజీ సెన్సర్ పెట్టి, జిగ్‌బీ టు ఎంక్యూటీటీ (సెన్సర్ల వైర్‌లెస్ సిగ్నళ్లను అందుకునే సాఫ్ట్‌వేర్) ద్వారా, ఇంటి పరికరాలన్నీ ఒకచోట చూపించే హోమ్ అసిస్టెంట్‌కి కలిపాను. మొన్న ఫోన్లో అమ్మ మాటల మధ్యలో "పెరటి తలుపు గాలికి కొట్టుకుంటంది, ఉండు వేసొస్తాను" అంది. యాప్‌లో మాత్రం ఆ తలుపు మూసే ఉంది, బ్యాటరీ 78 శాతం! తీరా చూస్తే 18 రోజులుగా ఆ సెన్సర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. శాతం చూసుకుంటే చాలనుకున్నాను. ఇంకేం చూడాలి?

జవాబు: ముందు ఆ శాతాన్ని నమ్మడం మానేయండి. వీటిలో ఎక్కువగా వాడేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. దాని వోల్టేజీ చాలాకాలం పెద్దగా తగ్గదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, సెన్సరేమో ఆ వోల్టేజీని బట్టే శాతం లెక్క కడుతుంది. పైగా పాతబడ్డ బిళ్ల పనేమీ లేకుండా ఉన్నప్పుడు మీటరుకి బాగానే కనిపించి, సిగ్నల్ పంపడానికి కాస్త ఎక్కువ కరెంటు లాగగానే చతికిలబడుతుంది. అప్పుడు యాప్ ఏం చేస్తుంది? చివరిసారి విన్నదాన్నే పట్టుకు కూర్చుంటుంది. మీరు చూసిన "మూసి ఉంది", "78 శాతం" రెండూ 18 రోజుల కిందటి కబుర్లే.

మీరు చూడాల్సింది సెన్సర్ చివరిసారి ఎప్పుడు పలికిందన్నది. తలుపు కదలకపోయినా చాలా సెన్సర్లు మధ్యమధ్యలో "ఉన్నాను" అని ఒక మాట పంపుతుంటాయి. జిగ్‌బీ టు ఎంక్యూటీటీలో 'లాస్ట్ సీన్', 'అవైలబిలిటీ' సెట్టింగులు రెండూ ఆన్ చేయండి. బ్యాటరీ పరికరం 25 గంటలు పలకకపోతే అది ఆఫ్‌లైన్ అని లెక్క, మామూలుగా ఉండే గడువు అదే. ఆఫ్‌లైన్ పడగానే మీ ఫోన్‌కి దానంతటదే మెసేజ్ వచ్చేలా హోమ్ అసిస్టెంట్‌లో ఒక ఆటోమేషన్ రాసుకోండి.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఈ సెన్సర్ల మాటలన్నీ వినే పెట్టె, అంటే హబ్బే ఆగిపోతే ఆ మెసేజ్ పంపేదెవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ వైపు కరెంటు ఎన్నాళ్లు లేదో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే తిరగేసి పెట్టమంటాను: రోజూ పొద్దున్న 7కి "అన్నీ పలుకుతున్నాయి" అని మెసేజ్ రావాలి, రాని రోజున అమ్మకి ఫోన్ చేయండి. హబ్‌కీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ ఒకటి కొనండి, ఈ సెన్సర్ల ఖర్చుతో పోలిస్తే అది దండగ కాదు.

బిళ్ల మార్చాక కూడా మళ్లీ మూగబోతే బ్యాటరీని తిట్టకండి. బ్యాటరీ సెన్సర్లు ఒకదాని మాట ఇంకొకటి మోయవు, ఆ పని కరెంటుతో నడిచే స్మార్ట్ ప్లగ్గులది. పెరటి సెన్సర్ మాట నడవలో ఉన్న ప్లగ్గు మీదుగా వస్తోందనుకోండి, పెద్దవాళ్లకి పడుకునే ముందు స్విచ్చులన్నీ కట్టేసే అలవాటు ఉంటుంది కదా, అంతే, దారి తెగిపోతుంది. దారి వెతుక్కుంటూ సెన్సర్ బ్యాటరీ కూడా తినేస్తుంది. ఆ స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించి రండి.

ఈసారి వెళ్లినప్పుడు మూత తీసి బిళ్ల కింద రేకు చూడండి. బారువ సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలికి పచ్చగా పొక్కు కట్టి ఉండొచ్చు, పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే చాలాసార్లు పోతుంది. పిల్లలు మింగకుండా చేదు పూత వేసిన బిళ్లలు కొన్ని పరికరాల్లో సరిగా ఆనవు, అదీ గమనించండి. పాత బిళ్లలు మాత్రం గూట్లో పడేయకండి, ఇంటికొచ్చిన పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది.

లీకేజీ సెన్సర్‌కి నెలకోసారి అమ్మచేత తడిగుడ్డ ఆనించమనండి, మీరు ఫోన్ పట్టుకుని ఇటుండండి. మోగకపోతే ఆ రోజే మార్చేయాలి.