బడి గోడ ముట్టుకునే ముందు

ఒరేయ్ చిన్నా,

పాత ఇటుక బడిని బాగుచేసే పని ఒప్పుకున్నావట. పనితోపాటు దాని చరిత్ర కూడా రాస్తావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతుంటే వదిన గొంతు ఎంత పొంగిపోయిందో! నాకూ గర్వంగానే ఉంది, కాదనను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పాత కట్టడాల మధ్య తిరిగినదాన్ని. నా కలలోకి వచ్చేవన్నీ బాగుచేశామనుకుంటూ మేం చంపేసిన గోడలే.

ఫొటోలు తియ్యి, కొలతలు రాసుకో, పాత రికార్డులు వెతుకు. ఇవి నీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు. కప్పు, తూములు ముందు, గోడ తర్వాత. పైనుంచి నీళ్లు కారుతుంటే కింద నువ్వు చేసే సేవంతా బూడిదలో పోసిన పన్నీరే. బయట నేల కూడా చూడు. ఏళ్ల తరబడి మట్టి పోసి పోసి ఆవరణ లోపలి గచ్చుకన్నా ఎత్తయిపోయి ఉంటుంది. చెమ్మకి సగం కారణం అదే.

పగులు కనపడగానే పూడ్చెయ్యకు. దాని మీద అడ్డంగా సన్నటి గాజుపలక అతికించి పక్కన తేదీ రాయి. ఏడాది తిరిగినా పలక పగలకపోతే ఆ పగులు ఎప్పటిదో పాత కథ. పగిలిందా, ఇంకా కదులుతోందని అర్థం. ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా దిగే పగులైతే పునాది వైపు చూడు.

చరిత్ర రాస్తానన్నావు కాబట్టి ఒక మాట. కాగితాల కన్నా ముందు గోడని చదువు. ఒక వరసలో ఇటుక పొడుగు వైపు, తర్వాతి వరసలో కొన వైపు కనపడేలా పేర్చారా, లేక ఒకే వరసలో రెండూ కలిపారా చూసుకో. గదుల మధ్య అడ్డుగోడ పెద్దగోడలో కలిసిపోయిందా, ఊరికే ఆనుకుని నిలబడిందా? ఆనుకుని ఉంటే అది తర్వాత కట్టింది. మొదట్లో అదంతా ఒకే పెద్ద హాలు అయి ఉండొచ్చు. ఒకప్పుడు బడంటే అదే. మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పించే పద్ధతి గురించి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ కూడా అలాంటి పద్ధతే నడిపాడు. వందల మంది పిల్లలకి ఒకే మాస్టారు, ఒకే హాలు. తరగతికో గది అన్నది తర్వాత వచ్చింది. అమెరికాలో దానికి పేరు తెచ్చింది 1848లో బోస్టన్‌లో తెరిచిన క్విన్సీ బడి. కాబట్టి ఆ అడ్డుగోడ వెలవెలబోతోందని పడగొట్టకు, చదువు చెప్పే తీరు మారిన రోజు దాంట్లో ఉంది.

కిటికీలూ అంతే. అడుగుభాగం పిల్లల కళ్లకన్నా ఎత్తులో ఉంటే, పొరపాటున పెట్టారనుకోకు. బయటికి చూడకుండా పెట్టారు, దొంగలు! వెలుతురు ఎడమవైపునుంచి వస్తోందా చూడు. కుడిచేత్తో రాసేవాడి నీడ పలక మీద పడకూడదని అలా కట్టేవాళ్లు.

ఇక నేను అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం చెప్తాను. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. నా చేతికి మొదటిసారి వచ్చిన పాత బడి. గోడ కింద నడుమెత్తు దాకా పెచ్చులూడి, ఉప్పు పూసి, చూడటానికి అసహ్యంగా ఉండేది. పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారు, రెండు నెలలే గడువు. సిమెంటు ప్లాస్టరింగ్ చేసెయ్యమన్నాను. మా పెద్ద మేస్త్రి తాపీ కింద పెట్టి, "అమ్మా, ఇది సున్నపు గోడ. సిమెంటు తొడిగితే ఊపిరాడదు" అన్నాడు. పదిమందిలో అన్నాడని నాకు రోషం. "చదువుకున్నది నువ్వా, నేనా?" అనేశాను. ఆయన మారుమాట్లాడకుండా తాపీ తీసుకున్నాడు.

ఏడాది గోడ అద్దంలా ఉంది. దాని ముందు నవ్వుతూ దిగిన ఫొటో ఇంకా నా పెట్టెలో ఉంది. మూడో ఏటికి చెమ్మ సిమెంటు దాటి పైకెక్కింది. తట్టి చూస్తే డొల్ల చప్పుడు. సుత్తితో కొట్టించాను. ప్లాస్టరుతోపాటు ఇటుక ముఖం ఊడొచ్చింది, వెనకనుంచి ఎర్రటి పొడి పిండిలా జారింది.

ఎందుకలా అయిందో నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు 1824లోనే వచ్చినా, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు సున్నంతో కట్టడం ఆగలేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. ఇటుకకన్నా మెత్తగా ఉంటుంది, చెమ్మని తన సందుల్లోంచే బయటికి పంపేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. నీళ్లు వెళ్లే దారిలేక ఇటుకలోనే ఆగి, ఉప్పు లోపలే గడ్డకట్టి, ఇటుకని పొట్ట చీల్చినట్టు చీల్చింది. అరిగిపోతే మళ్లీ పెట్టుకోగలిగేది సందులో సున్నం. నేను ఇటుకనే పోగొట్టాను.

పోయింది ఇటుకే అయితే ఇంత బాధ ఉండేది కాదురా. గుమ్మం పక్కన, పిల్లల మోచేతి ఎత్తులో, వేళ్లు పట్టేంత గాడులుండేవి. ఎవరో గీశారనుకుని పట్టించుకోలేదు. అవి బలపాలు అరగదీసిన గుర్తులు. ఎన్ని తరాల పిల్లలో, లోపలికి వెళ్లేముందు అక్కడ ఆగి బలపం మొన చేసుకున్నారు. ఆ ఇటుకలన్నీ పొడైపోయాయి. నీ బడికి వెళ్లగానే ముందు గుమ్మం పక్కన కూర్చుని చూడు. నిలబడి చూస్తే కనపడవు.

ఆ మేస్త్రిని మళ్లీ పిలిపించాను. వచ్చాడు. పొడిని పిడికిట్లోకి తీసుకుని చూశాడు. నేను చెప్పానుగా అంటాడని ఎదురుచూశాను. "సున్నం ఎప్పుడు నానబెట్టమంటారమ్మా?" అన్నాడు, అంతే. తర్వాత నాకొచ్చిన పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. పాత సందుని గ్రైండర్‌తో కాకుండా ఉలితో, వెడల్పుకి రెండింతల లోతు మాత్రమే తియ్యాలనీ, ఇటుకని తడిపాకే సున్నం పెట్టాలనీ, ఎండ తగలకుండా తడి గోనె కప్పాలనీ. "తప్పు నాదే" అని మాత్రం ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఎన్నిసార్లు అనబోయానో.

యంత్రంతో ఇసుక చిమ్మి ఇటుకల్ని తళతళలాడిద్దామని ఎవడో ఒకడు వస్తాడు. ఇటుకకి కాలినప్పుడు వచ్చిన గట్టి పైచర్మం అదొక్కటే, దాన్ని చెక్కనివ్వకు. గడువు అంటారు, ప్రారంభోత్సవం అంటారు. కావాలంటే మా అత్తయ్య ఒప్పుకోవడం లేదని చెప్పు, నవ్వితే నవ్వుతారు.

పైకప్పు చూడటానికి ఒంటరిగా ఎక్కకు. పాత దూలాలు పైకి బాగానే ఉంటాయి, గోడలో దూరిన కొనలు పుచ్చిపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాకే బరువు వెయ్యి. చిన్నప్పుడు అటక మీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్న వాడివి, నీ మీద నాకు నమ్మకం లేదు. జవాబు రాసేటప్పుడు గాడులు కనపడ్డాయో లేదో రాయి, నిచ్చెన ఎవరు పట్టుకున్నారో కూడా రాయి.

మీ అత్తయ్య