ఎంబీఏ చదువులో సామాజిక బాధ్యత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను ఒక అనుబంధ కళాశాలలో ఎంబీఏ విద్యార్థులకు వ్యాపార నైతికత, కార్పొరేట్ పాలన పేపరు చెబుతున్నాను. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిర్వచనం, చట్టంలోని రెండు శాతం నిబంధన, నాలుగు కంపెనీల సేవా కార్యక్రమాలు రాస్తే పరీక్ష గట్టెక్కుతుంది కాబట్టి పిల్లలు దీన్ని తేలిక పేపరుగానే చూస్తున్నారు. ఫైనాన్స్, ఆపరేషన్స్ చెప్పే సహ అధ్యాపకులు ‘అవన్నీ మీ పేపరులోని విషయాలు’ అంటారు. సామాజిక, పర్యావరణ బాధ్యతను ఈ చదువులో ఎక్కడ, ఎలా చెప్పాలి?
– ఒక అధ్యాపకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: మీ సహ అధ్యాపకులు అంటున్న మాటలోనే సమస్యకు మూలం ఉంది. ఒక సంస్థ మనుషులకూ నేలకూ నీటికీ చేసే మేలైనా కీడైనా ఖర్చుల లెక్క వేసే చోట, ఉత్పత్తి ప్రణాళిక తయారయ్యే చోట, సిబ్బందికి లక్ష్యాలు నిర్ణయించే చోట మొదలవుతుంది. ఆ లెక్కలు నేర్పే తరగతిలో ఈ ప్రశ్నను లేవనెత్తకుండా దాన్ని వేరొక పేపరుకు అప్పగించేస్తే, బాధ్యత అంటే అసలు పని పూర్తయ్యాక చేసే పుణ్యకార్యమన్న భావమే విద్యార్థి మనసులో నాటుకుంటుంది.

చట్టంతోనే మొదలుపెట్టండి. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను మీ విద్యార్థులకు ఇప్పటికే కంఠస్థమై ఉంటుంది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, ఆపైన గానీ ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అయితే కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులను ఆ సెక్షను కింద చేసిన నియమాలు ఈ లెక్కలోకి రానివ్వవు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థజలాన్ని శుద్ధి చేయడానికి పెట్టిన ఖర్చును సీఎస్ఆర్ పద్దులో చూపడానికి వీల్లేదు, ఎందుకంటే అది వ్యాపారం చేస్తున్నందుకు ఎలాగూ చేయవలసిన పని. ఆ ఎలాగూ చేయవలసిన పనికి ఆధారం అదే చట్టంలోని 166వ సెక్షనులో కనబడుతుంది. డైరెక్టరు వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజం ప్రయోజనాలనూ, పర్యావరణ పరిరక్షణనూ దృష్టిలో పెట్టుకొని చిత్తశుద్ధితో నడుచుకోవాలని అందులోని రెండో ఉపవిభాగం నిర్దేశిస్తోంది. లాభంలో కొంత భాగం ఎటు పోవాలో చెప్పే సెక్షనును పేజీలకు పేజీలు చదివించి, లాభం వచ్చే తీరును గురించి చెప్పే సెక్షనును ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఈ తేడా విద్యార్థులకు మనసుకు పట్టాలంటే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని మించినది మనకు దొరకదు. దాని వ్యవస్థాపకుడు, ఛైర్మను రామలింగరాజు ఎంబీఏ చదివిన వ్యక్తి. 2001లో ఆ కుటుంబం నెలకొల్పిన ఫౌండేషను పల్లెల్లో సేవా కార్యక్రమాలు నడిపింది. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక కూడా ఆయనే ఉన్నారు, ఆ సేవ ఎందరి ప్రాణాలు నిలిపిందో మనందరికీ తెలుసు. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న, ప్రమోటరు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనకు బోర్డు ఆమోదం తెలిపింది. మదుపరులు తిరగబడడంతో గంటల వ్యవధిలోనే దాన్ని విరమించుకోవలసి వచ్చింది. 2009 జనవరి 7న వెలువడిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఛైర్మనే ఒప్పుకున్నారు. ఆ బోర్డులో పేరొందిన మేనేజ్‌మెంట్ ఆచార్యులు కూడా సభ్యులుగా ఉన్నారన్న సంగతిని విద్యార్థుల దగ్గర దాచవద్దు. సేవ నిజమే, మోసమూ నిజమే. ఒకటి రెండోదానికి పరిహారం కాలేదు. దీన్ని మీ తరగతిలోనే కాక ఆడిటింగు చెప్పే తరగతిలో కూడా బ్యాలెన్సు షీటు ముందు పెట్టుకొని చర్చించాలి. డిసెంబరు 16 నాటి బోర్డు సమావేశంలో తాను కూర్చొని ఉంటే ఏ కాగితం అడిగేవాడో ప్రతి విద్యార్థి చేతా రాయించండి.

ఆపరేషన్స్ అధ్యాపకులకు పటాన్‌చెరు ఉదాహరణ ఇవ్వండి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలం చేరేది. శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు, అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరే దారిలో ఉన్న పొలాల నష్టం, మందులకు లొంగని సూక్ష్మజీవుల వల్ల కలిగే ముప్పు ఏ కంపెనీ ఉత్పత్తి వ్యయంలోనూ కనిపించవు. ఖర్చు మాయమైపోలేదు, కంపెనీ పద్దులోంచి రైతు నెత్తి మీదికి మారింది. కాస్ట్ షీటు, అంటే ఉత్పత్తి ఖర్చుల పట్టిక, వేయడం నేర్పేటప్పుడే, ఇందులో రాయని ఖర్చు ఏమిటి, దాన్ని ఎవరు మోస్తున్నారు అన్న రెండు ప్రశ్నలు అడిగితే ఆ పాఠానికి అదనంగా సమయం కూడా అక్కర్లేదు.

పరీక్ష మీ చేతిలో లేకపోయినా అంతర్గత మార్కులు మీ చేతిలో ఉంటాయి కదా. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 నమోదిత కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే బాధ్యతా నివేదికను 2022–23 నుంచి తప్పనిసరిగా ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించింది, ఆ నివేదికలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నీటి వాడకం ఎంత, కార్మికుల్లో పర్మినెంటు కానివారు ఎందరు, స్త్రీ పురుషుల మధ్యస్థ వేతనాల మధ్య తేడా ఎంత, ప్రమాదాలు ఎన్ని అన్న అంకెలు అందులో ఉంటాయి. ఒక్కో జట్టుకు ఒక్కో కంపెనీని ఇచ్చి వరుసగా రెండేళ్ల నివేదికలు పోల్చమనండి. ముందుమాటలోని మాటలకూ లోపలి అంకెలకూ పొంతన కుదరని చోటు వాళ్లే పట్టుకుంటారు.

ప్రశ్న: మా అమ్మాయికి రెండు మేనేజ్‌మెంట్ సంస్థల్లో సీటు వచ్చింది. రెండింటి బ్రోషర్లలోనూ ‘సమాజం పట్ల బాధ్యత గల నాయకులను తయారు చేస్తాం’ అనే ఉంది. ఏది నిజంగా పాటిస్తుందో తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఉంది. ముందుగా, ఆ పనికి విద్యార్థి సమయం ఎంత కేటాయించారో అడగండి. వర్గీస్ కురియన్ చొరవతో 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఏర్పడిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మాలో విద్యార్థులు పల్లెల్లో ఉండి పని చేయడం కోర్సులో భాగం. ముంబైలోని ఎస్పీ జైన్ సంస్థలో స్వచ్ఛంద సంస్థలతో కలిసి చేసే ఇంటర్న్‌షిప్ కోర్సులోనే ఉంది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ విద్యార్థులను గ్రామాలకు పంపుతుంది. మీరు చూస్తున్న సంస్థ ఇలాంటి పనికి క్రెడిట్లు ఇస్తుందా, లేక ఒక ఆదివారం మొక్కలు నాటించి ఫొటోలు తీసి వదిలేస్తుందా అన్నది పాత విద్యార్థులను అడిగితే చెబుతారు. ఐక్యరాజ్యసమితి అండతో 2007లో మొదలైన పీఆర్ఎంఈ (బాధ్యతాయుత మేనేజ్‌మెంట్ విద్యా సూత్రాలు) ఒప్పందంపై సంతకం చేశామని కొన్ని సంస్థలు చెప్పుకుంటాయి. అలా సంతకం చేసిన సంస్థ తన ప్రగతిని ఎప్పటికప్పుడు నివేదించాలి కాబట్టి, తాజా నివేదిక చూపించమనండి. చివరగా, ఫైనాన్స్ సిలబస్ అడిగి తీసుకోండి. అందులో పర్యావరణ నష్టభయం గురించి ఒక్క అధ్యాయమైనా లేకపోతే, ఆ బ్రోషరులోని మాటకు నేను ఎక్కువ విలువ ఇవ్వను.

ప్రశ్న: ఎంబీఏ పూర్తి చేసి ఒక సూక్ష్మ రుణ సంస్థలో బ్రాంచి మేనేజరుగా చేరాను. తరగతిలో స్టేక్‌హోల్డర్ల (సంస్థ పనుల ప్రభావం పడే వారందరి) గురించి చదివిందంతా ఇక్కడ నెలవారీ టార్గెట్ ముందు నిలవడం లేదు. ఇప్పటికే మూడు చోట్ల అప్పున్న మహిళకు కూడా రుణం ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీకు ఎదురైన పరిస్థితి మన రాష్ట్రానికి కొత్త కాదు. 2010కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంస్థలు విపరీతమైన వేగంతో పెరిగాయి. సిబ్బంది ప్రోత్సాహకాలు ఎన్ని కొత్త రుణాలు ఇచ్చారు, ఎంత వసూలు చేశారు అన్న వాటికే ముడిపడి ఉండడంతో, ఒకే ఇంటికి నలుగురు అప్పు ఇచ్చారు, ఒక సభ్యురాలు కట్టలేకపోతే ఆ భారం ఆమెతో కలిసి రుణం తీసుకున్న గ్రూపు మొత్తం మీద పడింది. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, రిజిస్ట్రేషను తప్పనిసరి చేసి, బలవంతపు వసూళ్లను నిషేధించింది. వసూళ్లు స్తంభించి సంస్థలే కుదేలయ్యాయి. దీన్ని ఎథిక్స్ పేపరులో కంటే హెచ్ఆర్ పేపరులో, జీతాలు, ప్రోత్సాహకాలు రూపొందించే పాఠంలో చెప్పి ఉంటే మీకు ఇప్పుడు ఎక్కువగా ఉపయోగపడేదని నా నమ్మకం.

మీ చేతిలో ఒక గట్టి ఆధారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఒక కుటుంబం అన్ని అప్పులకూ కట్టే నెలవారీ వాయిదాల మొత్తం ఆ కుటుంబ నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదు. పాత అప్పుల వివరాలు చూపే క్రెడిట్ బ్యూరో నివేదిక, ఇంటి ఆదాయం లెక్క దరఖాస్తుకు జతచేసి, పరిమితి దాటిన ప్రతి దరఖాస్తును కారణం రాసి వెనక్కి పంపండి. నోటిమాటగా వచ్చే ఒత్తిడికి ఈమెయిలులో జవాబివ్వండి. ప్రాంతీయ సమావేశంలో, కొత్త రుణాల సంఖ్యతో పాటు ఏడాది తర్వాత కూడా సక్రమంగా కడుతున్న ఖాతాల శాతాన్ని ప్రోత్సాహకాల లెక్కలో చేర్చాలని అంకెలతో ప్రతిపాదించండి. ఇంత చేసినా నిబంధన ఉల్లంఘించమనే ఆదేశాలు ఆగకపోతే, సంస్థలో నిబంధనల అమలును చూసే కంప్లయెన్స్ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ ప్రతిని మీ దగ్గర భద్రపరచుకోండి.