కొత్త చైన్ వేశాక జారుతోంది

ప్రశ్న: నాది 7 గేర్ల సైకిల్. చైన్ పాతబడిందని కొత్తది వేయించాను. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే టక్కుమని జారుతోంది. షాపతను వెనక చక్రంతో సహా అన్నీ మార్చాలంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చక్రం జోలికి అసలు వెళ్లకండి. చైన్ సాగేకొద్దీ వెనక పళ్లు కూడా దానికి తగ్గట్టే అరుగుతాయి, ఆ అరిగిన పళ్ల మీద కొత్త చైన్ కుదురుకోదు, బలం పెట్టగానే ఎగిరి పక్క పంటి మీద పడుతుంది. మీరు రోజూ వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతోందా? అయితే దాదాపుగా తప్పు ఫ్రీవీల్‌దే, అంటే వెనక చక్రానికి బిగించే ఆ గేర్ పళ్ల సెట్టుదే. అన్నింటిలోనూ జారితే మాత్రం ముందు గేర్ కేబుల్ సర్దించి, చైన్‌లో బిగుసుకుపోయిన లింకు ఉందేమో చూడండి, దానికి పెద్దగా ఖర్చుండదు.

ఫ్రీవీల్ కొంటే 7 గేర్లదే కొనండి. 8 గేర్లది మోజుపడి తెస్తే షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీట) కూడా మార్చాల్సి వస్తుంది. విప్పడానికి సరైన టూల్ ఉన్న మెకానిక్‌నే వెతకండి, సుత్తీ ఉలీ తీసేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

ఇకమీదట అప్పుడప్పుడు చైన్‌ని స్కేలుతో కొలవండి. ఒక పిన్నును సున్నా అనుకుని లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అక్కణ్నుంచి అంగుళంలో 16వ వంతు ముందుకు జరగ్గానే చైన్ ఒక్కటి మార్చేస్తే చాలు, ఫ్రీవీల్ బతికిపోతుంది.