కోడ్ రాయకుండా కంపైలర్ (రాసిన కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) ప్రాజెక్టులో డాక్యుమెంటేషన్ సరిచేస్తే అది కాంట్రిబ్యూషన్ కిందికి వస్తుందా?

ఎందుకు రాదు? నన్నడిగితే కోడ్ కన్నా అదే కష్టం, అందులోనూ సీ++ స్టాండర్డ్‌లోని ఏ ఫీచర్ కంపైలర్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చెప్పే ఆ పొడవాటి పట్టిక. "లేదు" అని ఉన్నచోట "ఉంది" అని మార్చడమే కదా అనుకుని నేనూ దిగాను.

ఏ కంపైలరో చెప్పను. సీ++20 కాన్సెప్ట్స్ (టెంప్లేట్‌కి ఎలాంటి టైపులు ఇవ్వొచ్చో షరతులు పెట్టే ఫీచర్) వరసలో ఇంకా "పాక్షికం" అనే ఉంది. పదిహేను లైన్ల ప్రోగ్రాం రాసి కంపైల్ చేస్తే ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. ఇంకేముంది, "ఉంది" అని మార్చి ప్యాచ్ (నా మార్పు) పంపేశాను. రివ్యూ చేసినాయన ఒక్కటే అడిగారు: "కాన్సెప్ట్స్ మాక్రో విలువ ఎంత వస్తోంది?" ఆ ఫీచర్ ఎంతవరకు వచ్చిందో కంపైలరే చెప్పే నంబర్ అది. ప్రింట్ చేసి చూస్తే 201907. రావాల్సింది 202002. ఆ తేడా తేల్చడానికి ఒకే క్లాస్‌లో రెండు డిస్ట్రక్టర్లు (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్లు) పెట్టి, ఒకదానికి రిక్వైర్స్ షరతు తగిలించి మళ్లీ కంపైల్ చేయమన్నారు. చేశాను. డిస్ట్రక్టర్‌ని రెండోసారి డిక్లేర్ చేయకూడదని ఎర్రర్! నా పదిహేను లైన్లు అసలు ఆ మూలకే వెళ్లలేదు. అరగంట పని అనుకున్నది రెండు వారాంతాలు తినేసింది.

ఇంకో తలనొప్పి, భాషకి ఒక పట్టిక, లైబ్రరీకి (భాషతో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్‌కి) ఇంకో పట్టిక. జనం మొదటిది చూసి సంబరపడిపోతారు. 2013లో జీసీసీ అనే కంపైలర్ 4.8.1 వెర్షన్‌తో సీ++11 భాషా ఫీచర్లన్నీ వచ్చేశాయి, కానీ లైబ్రరీలోని రెజెక్స్ హెడర్ (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే భాగం) మాత్రం చక్కగా కంపైలయ్యి రన్ చేసేటప్పుడు చేతులెత్తేసేది, అది సరిగ్గా పనిచేసింది 2014లో 4.9 వచ్చాకే. లైనక్స్‌లో క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ కొత్తది వేసుకున్నా అది మామూలుగా వాడేది జీసీసీతో వచ్చే లైబ్రరీనే, అది పాతదైతే పట్టికలో "ఉంది" అని రాసి ఏం లాభం? పైగా చాలామంది ఇంకా విడుదల కాని వెర్షన్ పేజీ చదివి, తమ మెషీన్‌లో ఉన్న పాతదాన్ని తిడుతుంటారు.

ఈ పట్టికలు పాతబడటానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: ఫీచర్ రాసినవాళ్లు "డాక్యుమెంటేషన్ తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. ఫీచర్ వచ్చిన ప్యాచ్‌లోనే పట్టికలో వరస కూడా మారకపోతే దాన్ని ప్రాజెక్టులోకి మెర్జ్ చేయకూడదు, అంతే. ఇందులో మొహమాటం అనవసరం.

మీరు మొదలుపెట్టాలనుకుంటే "పాక్షికం" అని ఉండి, ఏది లేదో చెప్పని వరస ఒకటి పట్టుకోండి. దాని పేపర్ (ఆ ఫీచర్‌ని స్టాండర్డ్‌లో చేర్చమని రాసిన ప్రతిపాదన) తెరిచి అందులోని ఉదాహరణలన్నీ కంపైల్ చేయండి. నా ప్యాచ్‌లో చివరికి మిగిలింది కూడా అలాంటి ఒక్క ఫుట్‌నోటే, దాని పైన "పాక్షికం" అలాగే ఉంది.