నెల లెక్క వెనక నుంచి కట్టాలి

బుజ్జీ,

ఆదివారం రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని గొంతు తగ్గించి నువ్వు చెప్పిన మాటలు నాకు సగమే వినిపించాయి. "41 రోజులైంది పెద్దమ్మా, నెలసరి ఇంకా రాలేదు, ఫోన్‌లో చూసినకొద్దీ భయమేస్తోంది" అన్నావు. మర్నాడు పొద్దున్నే "వచ్చేసింది" అని మెసేజ్. హమ్మయ్య అనుకుని అక్కడితో వదిలేయకు, ఇంకో నెలలో మళ్లీ ఇదే టెన్షన్ పడతావు. ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేశాను కాబట్టి లెక్క ఎలా కట్టుకోవాలో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు తేదీ రాసుకోవాలి. మా వంటింటి తలుపు వెనక వెంకట్రామా క్యాలెండర్ గుర్తుందా? గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలు పోయని రోజు, వాటి మధ్య ఎర్ర పెన్సిల్ చుక్కలు. ఆ చుక్కలు నా నెలసరివి. చిన్నప్పుడు నువ్వు వేలు పెట్టి చూపిస్తూ ఇవేంటని అడిగితే పాల లెక్క అన్నాను. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. నువ్వు యాప్‌లో రాసుకున్నా పర్వాలేదు కానీ, తర్వాతి తేదీ ఇదీ అని అది చూపించేది వట్టి అంచనా, దాన్ని పట్టుకుని బెంగ పెట్టుకోకు.

మొదటి రోజు అంటే ఎర్రగా స్రావం మొదలైన రోజు. ముందు రోజు కనిపించే గోధుమరంగు మరకను లెక్కలోకి తీసుకోకూడదు, నాలుగో రోజు తలస్నానం అసలే కాదు. వార్డుకొచ్చే గర్భిణులను ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగితే "మార్గశిరం రెండో గురువారం కనకమహాలక్ష్మి గుడికెళ్దామని చీర కూడా తీసి పెట్టుకున్నాను సిస్టర్, అప్పుడే వచ్చింది" అనేవాళ్లు. అలా చెప్తే నాకు ప్రాణం లేచి వచ్చేది, క్యాలెండర్ తిప్పితే తేదీ దొరికిపోతుంది. స్నానం చేసిన తేదీ చెప్పేవాళ్లతోనే చిక్కు, కాన్పు తేదీ మూడు నాలుగు రోజులు జరిగిపోతుంది. ఎందుకంటే కాన్పు లెక్క ఆ మొదటి రోజు నుంచే కడతారు, 280 రోజులు. అంటే కడుపులో ఏమీ పడకముందు రెండు వారాలు కూడా గర్భంలోనే కలిపేస్తారన్నమాట. ఈ సంగతి పిల్లల్ని కన్న చాలామందికే తెలియదు.

ఇప్పుడు నీ 41 రోజుల సంగతి. 14వ రోజు అండం విడుదలవుతుందని పుస్తకాల్లో చదువుకుని ఉంటావు. అది 28 రోజులకు వచ్చేవాళ్ల లెక్క, అదీ సుమారుగా. అసలు లెక్క వెనక నుంచి కట్టాలి. అండం విడుదలైన దాదాపు రెండు వారాలకు నెలసరి వస్తుంది, ఆ రెండు వారాలు పెద్దగా మారవు, ఒక రోజో రెండు రోజులో అటూ ఇటూ అంతే. సాగేది, కుంచించుకునేది అంతకు ముందు సగం. నీకు మామూలుగా 30 రోజులకు వస్తుందంటే అండం 16వ రోజు దగ్గర వస్తోంది. ఈసారి సరిగ్గా ఆ సమయానికి నీకు వారం రోజులు జ్వరం, దాని వెంటే సెమిస్టర్ పరీక్షలు, మెస్‌లో తిన్నదీ లేదు, నిద్రా లేదు. ఒంట్లో బాగోకపోతే మెదడు ఆ పని వాయిదా వేస్తుంది. నీ అండం 27వ రోజుకు గానీ వచ్చి ఉండదు, అక్కడి నుంచి పద్నాలుగు రోజులు కలుపుకో, 41. నువ్వు భయంతో గోళ్లు కొరుక్కున్న ఆ చివరి పది రోజుల్లో నీ ఒంట్లో అంతా మామూలుగానే నడుస్తోంది, ఆలస్యం ఎప్పుడో జ్వరం నాడే జరిగిపోయింది.

ఇంకోమాట, దాచకుండా చెప్తున్నాను, నువ్వూ నా దగ్గర దాచకు. గర్భం వచ్చే అవకాశం ఉన్న పరిస్థితి అయితే ఈ లెక్కలు పక్కన పెట్టి మెడికల్ షాపులో కిట్ కొనుక్కుని పరీక్ష చేసుకో, వంద రూపాయల లోపే. మన వాళ్లు "నెల తప్పింది" అంటే కడుపుతో ఉందనే అర్థం, అందుకే నెల తప్పిన ప్రతి పిల్లా ముందు వణికిపోతుంది. తప్పడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఇదొక్కటి పరీక్షతో తేలిపోతుంది.

అండం ఎప్పుడు వస్తోందో తెలిసేదెలా అంటావా, ఒళ్లే చెప్తుంది. ఆ రోజుల్లో తెల్లబట్ట పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా, రెండు వేళ్ల మధ్య పెడితే తీగలా సాగుతుంది, తర్వాత చిక్కబడిపోతుంది. ఎముకలు కరిగి పోతున్నాయని మా అమ్మమ్మల కాలం నుంచీ భయపెడుతున్నది దీన్ని చూసే. ఎముకలకూ దానికీ సంబంధం లేదు. దురద పెట్టినా, వాసన వచ్చినా, పెరుగు విరిగినట్టు ఉన్నా అప్పుడు చూపించుకోవాలి. కొందరికి అదే సమయంలో పొత్తికడుపులో ఒకవైపు చురుక్కుమంటుంది, అదీ మామూలే.

మీ రూమ్‌లో నలుగురికీ ఒకేసారి వస్తోందని నవ్వావు చూడు, ఆ మాట 1971లో మార్తా మెక్‌క్లింటాక్ అనే అమెరికా ఆవిడ హాస్టల్ అమ్మాయిల మీద చేసిన పరిశోధనతో లోకమంతా పాకింది. తర్వాత జాగ్రత్తగా చూసినవాళ్లకు అది నిలబడలేదు. ఒకరికి 27 రోజులు, ఒకరికి 32, ఒక్కొక్కరికి స్రావం అయిదేసి రోజులు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలవక తప్పదు, కలిసినప్పుడే మనకు గుర్తుంటుంది.

ఎంత పోతుందో తెలుసా, మొత్తం అన్ని రోజులకూ కలిపి రక్తం 30, 40 మిల్లీలీటర్లు, టీ కొట్టు గ్లాసులో సగం. దానితోపాటు గర్భాశయం లోపలి పొర, జిగురు కూడా కలిసి వస్తాయి కాబట్టి ఎక్కువగా కనిపిస్తుంది. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు. ఎవరూ కొలిచి చూడరు గనక గుర్తులు చెప్తాను: గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం. నా 46వ ఏట ఇవన్నీ నాకే జరిగాయి. వయసు కదా, ఆగిపోయే ముందు అలాగే ఉంటుందిలే అని ఆరు నెలలు లాగాను, ఆ ఆరు నెలలూ క్యాలెండర్‌లో చుక్క కూడా పెట్టలేదు. చివరికి మేడ మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి కూలబడ్డాను, చూస్తే హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. నర్సునై ఉండి అలా చేశాను, నువ్వు చెయ్యొద్దు.

నొప్పి గురించి. గర్భాశయం బిగుసుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్స్ అనే పదార్థాలు ఊరతాయి, పేగుల మీదా వాటి ప్రభావం పడుతుంది, మొదటి రోజు విరేచనాలు అవుతాయే అందుకే. డాక్టర్ రాసిచ్చిన మాత్ర ఆ ఊరడాన్నే ఆపుతుంది, అందుకని నొప్పి ముదిరాక కాకుండా మొదట్లోనే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. అల్సర్, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. మీ అమ్మ వరలక్ష్మీ వ్రతానికి నెలసరి వాయిదా వేసే మాత్రలు తెచ్చుకుంటుంది, పెళ్లిళ్లకు నీకూ ఇస్తానంటుంది. ఎప్పుడైనా ఒకసారి, డాక్టర్‌ని అడిగి అయితే సరే. రక్తం గడ్డకట్టిన జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ మాట డాక్టర్‌తో చెప్పకుండా వేసుకోకూడదు. ఆపిన రెండు మూడు రోజులకు వచ్చేస్తుంది, ఆ నెల చుక్క పక్కన "మాత్ర" అని రాసుకో, లేకపోతే లెక్క తప్పుతావు.

తిండి సంగతి నీకు తెలిసిందే, చిమ్మిలి ఉండలు, రాగి జావ, అనకాపల్లి బెల్లం. తెలియనిది ఒకటుంది, అన్నం తినగానే టీ తాగితే ఆకుకూరలో ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంట ఆగు, పప్పులో నిమ్మకాయ పిండుకో.

పెద్దవాళ్లకు 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే, కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లలకు 45 దాకా ఉండొచ్చు, మీ చెల్లికి ఈ మాట చెప్పు. నీకు ఒక్కసారి 41 అయితే ఏం కాదు. వరసగా అలాగే అవుతున్నా, మూడు నెలలు రాకపోయినా థైరాయిడ్, పీసీఓడీ (హార్మోన్లు తప్పి అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నాయేమో చూడాలి. అప్పుడు విశాఖలో ఘోషాసుపత్రి అయినా కేజీహెచ్ అయినా నేనే వస్తాను, ఆ చుక్కల కాగితం మాత్రం నీ చేతిలో ఉండాలి. సోమవారం తేదీ ఇప్పుడే రాసెయ్. శనివారం ఇంటికొస్తే కొత్త క్యాలెండర్ ఒకటి తీసి ఉంచాను, పట్టుకెళ్దువుగాని.

మీ పెద్దమ్మ